ఎడమవైపు ఒరిగిన తొట్టి

మొదట వినపడింది చప్పుడే. రోడ్డు మీద తూము దాటినప్పుడల్లా ట్రాక్టరు వెనక తగిలించిన తొట్టి కింద ఎక్కడో టక్కుమనేది. ఒక్కసారే. మళ్లీ తూము వచ్చేదాకా ఏమీ ఉండేది కాదు. ట్రాక్టరు హోరులో నడిపేవాడికి అది వినపడదు. నేను మడ్‌గార్డు మీద వెనక్కి తిరిగి కూర్చుంటాను కనుక నాకు వినపడేది.

నడిపేది మా బావ. అంటే నా మొగుడే. మేనత్త కొడుకు కావడంతో పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పిలుపు మారలేదు. నర్సీపట్నం దగ్గర ఊళ్లో మాకు కొంచెం చెరకు, కొంచెం జీడితోట ఉన్నాయి. కానీ మా ఇల్లు నడిచేది ట్రాక్టరు మీదే. సీజన్ మొదలైతే చుట్టుపక్కల రైతుల చెరకు ఫ్యాక్టరీకి తోలతాం. ఆయన నడుపుతాడు, నేను వెంట ఉంటాను. తాళ్లు బిగించడం, ఆగిన చోట చక్రాల కింద రాళ్లు పెట్టడం, వెనక్కి తీసేటప్పుడు సైగ చెయ్యడం నా పని. ఆడమనిషి ట్రాక్టరు మీదేమిటని మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత అలవాటు పడిపోయారు.

అంతకుముందు ఏడాది మా పాత చిన్న తొట్టి ఇచ్చేసి, ఎవరో వాడి వదిలేసిన పెద్ద తొట్టి తెచ్చుకున్నాం. దానికి వెనక రెండు ఇరుసులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో ఇరుసు బరువునూ రెండు వైపులా కమాను కట్టలు మోస్తాయి. వంగిన ఉక్కు పట్టీలను పొడవైనది పైన, పొట్టివి కింద పేర్చి బిగిస్తే అది కమాను కట్ట. ముందు కట్టకూ వెనక కట్టకూ మధ్య తక్కెడ కాడలా ఊగే ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. ఒక చక్రం గుంటలో పడితే బరువు రెండోదాని మీదికి మళ్లడానికి. ఇదంతా మా బావ మొదటిరోజే తొట్టి కింద దూరి నాకు చూపించాడు. కొత్త ఇల్లు చూపిస్తున్నంత సంబరంగా.

చప్పుడు సంగతి చెబితే ఆయన కొట్టిపారేశాడు.

"ఇనుము కదేటే, సప్పుడు సెయ్యకుండా ఎలాగుంటాది?"

"మొన్నటిదాకా నేదు కదా బావా."

"మొన్నటిదాకా నువ్వు ఇన్నేదు."

నేను ఊరుకున్నాను గానీ నా చెవి ఊరుకోలేదు. దారిలో ఏ తూము ఎక్కడుందో నాకు కంఠతా వచ్చేసింది. అది దగ్గరికొస్తుంటే పళ్లు బిగపట్టుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు ఇంటి ముందు ఖాళీ తొట్టి ఆపి ఉంటే దూరం నుంచి చూశాను. ఎడమవైపు ఒరిగి ఉంది. కొంచెమే. నేల పల్లంగా ఉందేమో అనుకున్నాను. మర్నాడు ట్రాక్టరును తిప్పి, ముఖం రెండోవైపు పెట్టి అదే చోట ఆపమన్నాను. అప్పుడూ తొట్టి ఎడమకే ఒరిగింది. అంటే తప్పు నేలది కాదు. మా నాన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. లేతు మీద కట్టె తిరుగుతుంటే పక్కన కూర్చుని పెరిగినదాన్ని. వస్తువు వెంట్రుకవాసి వంకర పోయినా నాకు కంట్లో నలుసు పడినట్టే ఉంటుంది.

బావను పిలిచి చూపించాను. ఆయనకూ కనపడింది, కాదనలేకపోయాడు. టైర్లలో గాలి చూశాడు. అన్నిటిలోనూ సమంగానే ఉంది. చక్రాలు ఒక్కొక్కటే జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. బేరింగులు వదులైతే చక్రం ఊగాలి. ఊగలేదు. చేత్తో తిప్పితే నిశ్శబ్దంగా తిరిగింది. ట్రాక్టరుకు తొట్టిని తగిలించే పిన్ను అరిగిందేమోనని దాన్నీ మార్చాడు. రెండు రోజులు చప్పుడు తగ్గినట్టనిపించింది. మూడో రోజు మళ్లీ అదే టక్కు.

ఎడమ టైర్ల మీద అరచెయ్యి పెట్టి ఒకవైపుకు రాస్తే నున్నగా ఉంది. రెండోవైపుకు రాస్తే రబ్బరు అంచులు కత్తుల్లా గీసుకున్నాయి. టైరు సూటిగా దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోతే అలా అవుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పాత టైర్లు కదా అనుకున్నాం. కమాను కట్టల వైపు ఇద్దరమూ వంగి చూశాం. కానీ చెరకు తోటల బురద, ఎండుటాకు కలిసి వాటి మీద పొరలు పొరలుగా గట్టిపడిపోయింది. సీజన్ మధ్యలో తొట్టి కడిగే తీరిక ఎవరికుంటుంది? సీజన్ అయ్యాక కడుగుదామన్నాడు బావ. నేనూ సరేనన్నాను.

నిజంగా భయం పట్టుకున్నది నేను స్కూటీ మీద వెనకాల వెళ్లిన రోజున. పట్నంలో పని ఉండి విడిగా బయల్దేరాను. ముందు ట్రాక్టరు, దాని వెనక నిండు లోడుతో తొట్టి పోతున్నాయి. రోడ్డు తిన్నగా ఉన్న చోట చూస్తే, ట్రాక్టరు ఒక జాడలో పోతోంది, తొట్టి మరో జాడలో పోతోంది. దాని తోక ఎడమకు జరిగి, ఎడమ చక్రాలు రోడ్డు అంచున మట్టి తొక్కుతున్నాయి. వీధికుక్క పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు పక్కకు పోయి పరుగెడుతుందే, అలాగ. హారన్ కొడుతూ ముందుకెళ్లి ఆపించాను.

"తొట్టి ఓరగా వస్తంది బావా. ఎడంపక్కకి లాగీస్తంది."

"రోడ్డే అలగ వాలుగా ఉన్నాది."

"నువ్వు దిగి ఎనక నిలబడి సూడు. ఒక్కపాలి సూడు."

"వరసలో ఎనకబడిపోతే రేపు గాని దించరు. ఈ కోత అయిపోనివ్వు, మేస్త్రికి సూపిద్దాం."

ఆయన మాటలో మొండితనం కంటే అలసట ఎక్కువుంది. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరసలో ఎండలో పడిగాపులు కాయడం ఎలా ఉంటుందో నాకూ తెలుసు. గట్టిగా వాదించలేదు. కానీ మర్నాడు లోడుకు ఆయన్ను ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. ఒంట్లో బాగోలేదని ఇంట్లో ఉండిపోదామనుకున్నదాన్ని, చీర కొంగు బిగించి వెళ్లి మడ్‌గార్డు మీద కూర్చున్నాను. నేను పక్కనుంటే ఏదో ఆపేస్తానని కాదు. లేకపోతే ఇంట్లో కూర్చుని ఇంకా భయపడతానని.

ఆ రోజు చెరకు మాకవరపాలెం అవతల తోటలో నరికారు. లోడు ఎత్తుతుంటే కుడివైపు ఎక్కువ వెయ్యమని కూలీలతో చెప్పాను. తొట్టి తిన్నగా నిలబడుతుందని నా ఆశ. నిలబడలేదు. మధ్యాహ్నం దాటాక బయల్దేరాం. ఊరు దాటాక రోడ్డు దిగుడుగా వెళ్లి చిన్న వాగులాంటి గెడ్డ మీది ఇరుకు వంతెన దగ్గర మళ్లీ లేస్తుంది. దిగుడు మొదలవుతుండగానే బావ గేరు తగ్గించాడు. ఆ ఒక్క పనే మమ్మల్ని కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఈసారి వచ్చింది టక్కు కాదు. ఫటేల్‌మని ఒక దెబ్బ. నా కింద మడ్‌గార్డు అదిరింది. చూస్తుండగానే తొట్టి ఎడమ మూల కిందికి కుంగింది. చెరకు గడలు కిర్రుమంటూ అటు ఒరిగాయి. తర్వాత రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. ఎడమవైపు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నుంచి తెల్లగా పొగ లేస్తోంది. తొట్టి మమ్మల్ని ఎడమకు, గెడ్డలోకి లాగుతోంది.

"బావా! పొగ! ఆపీ!"

ఆయన స్టీరింగ్ కుడికి లాగాడు. తొట్టి వినలేదు. ఇంకా లాగాడు. అప్పుడు ట్రాక్టరు ముక్కు రోడ్డు మధ్యకు వచ్చేసింది. సరిగ్గా ఆ సమయంలో వంతెన మీదికి ఎదురుగా ఒక స్కూలు ఆటో ఎక్కింది. పిల్లలు బయటికి వేలాడుతున్నారు. నేను చేతులు గాలిలో ఆడిస్తున్నాను, వెనక్కి, వెనక్కి అని. బావ బ్రేకు గట్టిగా తొక్కలేదు. తొక్కితే వెనక బరువు మమ్మల్ని అడ్డంగా తిప్పేసేది. ఇంజను పట్టు మీదే నెమ్మదిస్తూ, తొట్టి ఎటు పోతానంటే అటే కొంచెం పోనిచ్చి, రోడ్డు పక్క పోసి ఉన్న మట్టిదిబ్బకు చక్రాలు ఆనేలా చేశాడు. బండి రెండుసార్లు ఎగిరి ఆగింది.

ఆటో మా పక్క నుంచి వెళ్లిపోయింది. నా చేతులు చూసి ఆడుతున్నాననుకున్నారేమో, పిల్లలు నవ్వుతూ తిరిగి చేతులు ఊపారు.

నేను దిగి రాళ్లు ఏరి చక్రాల కింద తోశాను. బావ అప్పటికే దిగి, లుంగీ పైకి కట్టి, తొట్టి కిందికి దూరబోతున్నాడు. పరుగెత్తుకెళ్లి చొక్కా వెనక పట్టుకుని లాగాను. చొక్కా చిరిగింది.

"కిందకెల్లకు! లోడుంది. ఏది దేనిమీద ఆగుందో నీకు తెల్దు."

"ఏటిరిగిందో సూడద్దేటి?"

"పైనుంచే సూద్దాం. నాను సూపిస్తాను, ఆగు."

అంతకు ముందెప్పుడూ ఆయన మీద అంత గట్టిగా అరవలేదు. ఆయన నిలబడిపోయాడు.

లోడులోంచి ఒక తిన్నటి చెరకు గడ లాగాను. కుడివైపుకు వెళ్లి, ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్య దాకా పట్టి, అక్కడికి కత్తితో నరికాను. అదే గడ తెచ్చి ఎడమవైపు చక్రాలకు పట్టాను. గడ పట్టలేదు. జానెడు దాకా బయటికి మిగిలింది. ఎడమవైపు ముందు చక్రం వెనక్కి జరిగిపోయి, వెనక చక్రాన్ని ఒరుసుకుంటోంది. అంటే ఇరుసే వంకర తిరిగింది. ఇరుసును పట్టుకుని ఉండాల్సిన కమాను కట్ట పట్టు వదిలేసింది.

బావ గడ తీసుకుని తనే మరోసారి పట్టి చూశాడు. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. తర్వాత గడను రోడ్డు మీద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. అప్పటిదాకా నాకు వచ్చిన భయం ఒక ఎత్తు, ఆ ముఖం చూశాక వచ్చింది ఒక ఎత్తు. ఇంట్లో భయపడే మనిషిని నేను. ఆయన కాదు.

నర్సీపట్నంలో కమాను కట్టల షాపు మేస్త్రికి ఫోన్ చేశాను. చెరకు నరికిన కూలీలకూ కబురు పెట్టాను. కూలీల పెద్ద, మేం అత్తా అని పిలిచే ముసలామె, అందరినీ వెంటబెట్టుకుని నడిచొచ్చింది. తొట్టిని చూడగానే నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో, ఇదేటే ఇలగ కూలబడిపోనాది? మీకేటీ అవనేదు కదా?"

"అవనేదత్తా. ముందు కుడిపక్క నుంచి దించండి. ఎడంపక్క ఎవులూ నిలబడకండి."

వాళ్లు చెరకు దించుతున్నంతసేపూ నేను ఎడమవైపు కాపలా కాశాను. ఒక్కో కట్ట దిగుతుంటే తొట్టి మూలుగుతూ కొంచెం కొంచెం లేచేది. లేచిన ప్రతిసారీ పడిపోతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని.

మేస్త్రి మోటారు సైకిలు మీద జాకీ, చెక్క దిమ్మలు కట్టుకుని వచ్చాడు. ఆయన కూడా వెంటనే కిందికి దూరలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మా తోడల్లుడు ఇలాగే దూరి కాలు పోగొట్టుకున్నాడండీ. నాకు బయమే. బేగి సెయ్యమని మాత్రం అనకండి."

ఆ మాటకు నా ప్రాణం కొంచెం కుదుటపడింది. బావ జాకీ తిప్పాడు, మేస్త్రి దిమ్మలు పేర్చాడు. తొట్టి లేస్తోంది అనుకుంటుండగా జాకీ కింద మెత్తటి మట్టి కుంగి, జాకీ పక్కకు వాలింది. తొట్టి ధనామని దిమ్మల మీద కూర్చుంది. అందరూ వెనక్కి దూకారు. దిమ్మలు ఆపకపోతే, ఆ మట్టిలోకి చక్రాలు ఎంత దిగేవో తెలియదు. మేస్త్రి చెయ్యి అప్పుడే బయటికి తీసుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూసుకుని, నా వైపు చూసి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గట్టి నేల దొరికేదాకా మట్టి తవ్వి, కింద చప్టా రాయి వేసి మళ్లీ మొదలుపెట్టారు.

చివరికి బురద పెళ్లలు గీకి, నీళ్లు కొట్టి, ముందు కమాను కట్ట బయటికి తీశారు. పైనున్న పెద్ద పట్టీ చివర, పిన్ను దూర్చే చుట్ట దగ్గర రెండు ముక్కలైంది. ఇరుసును కట్టకు బిగించే యూ బోల్టులు వదులైపోయి ఉన్నాయి. మేస్త్రి విరిగిన ముక్కను గుడ్డతో తుడిచి ఎండలోకి పట్టాడు. విరిగిన చోట సగం మేర కొత్త గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. మిగిలిన సగం నల్లగా, తుప్పుతో ఉంది.

"తెల్లగున్నది ఇవాల ఇరిగిందండీ. నల్లగున్నది ఎప్పుడో ఇరిగిపోనాది. పగులిచ్చీసి, మిగతా సగం మీద లాక్కొచ్చీసినాది ఇన్నాళ్లూ."

"ఎప్పటి నుంచండీ?" అని అడిగాను.

"ఎలగ సెప్తామండీ. లోపలికంటా తుప్పట్టినాదంటే ఓ వర్షాకాలం సూసినట్టే."

నాకు ఒక పెళ్లి ప్రయాణం గుర్తొచ్చింది. వానలు వెళ్లాక, మా పక్కింటి పెళ్లికి ఎస్. రాయవరం వైపు వెళ్లాం. రావలసిన బస్సు రాకపోతే మా తొట్టిలోనే గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసి, జనాన్ని ఎక్కించుకుని తీసుకెళ్లాం. ముసలివాళ్లు, పిల్లలు, చంటిబిడ్డతో ఒక బాలింత. మా గుంట, అంటే మా కూతురు, ఎడమవైపు అంచున కూర్చుని దారంతా పాటలు పాడింది. హైవే మీద లారీలు మా పక్క నుంచి దూసుకుపోతుంటే పిల్లలందరూ కేరింతలు కొట్టారు. అప్పటికే ఆ ఉక్కు సగం తెగి ఉంది.

రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుండిపోయాను. ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో కళ్ల ముందుకు వచ్చేస్తోంది. ఆపుదామన్నా ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ముసలత్త వచ్చి నా తల తన పొట్టకు ఆనించుకుంది.

"ఏటీ అవనేదు కదే. ఎందుకేడుస్తావు?"

ఏమీ అవ్వలేదు కాబట్టే ఏడుస్తున్నానని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. బావ నా వైపు రాలేదు. ఆ ఇనుప ముక్క చేతిలో పట్టుకుని, నల్లగా ఉన్న చోట బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. ఆయనకూ ఆ పెళ్లే గుర్తొచ్చిందని నాకు తెలుసు.

ఇరుసును గొలుసుతో బిగించి కట్టి, ఖాళీ తొట్టిని మెల్లగా షాపుకు చేర్చారు. విరిగింది ఒక్క పట్టీయే అయినా, మేస్త్రి రెండు వైపులా కట్టలు కొత్తవి వెయ్యాలన్నాడు. ఒకవైపు కొత్తవీ మరోవైపు అలసినవీ ఉంటే తొట్టి మళ్లీ వాలుతుందట. మధ్యనున్న తక్కెడ ముక్కకు పిన్నులూ, అరిగిన బుష్‌లూ కూడా మార్చాడు. యూ బోల్టులు బిగించి, "ఒక లోడు తోలినాక పట్టీలు సర్దుకుంటాయి. అప్పుడు తప్పకుండా మళ్లీ బిగించాలి, మర్చిపోకండి" అని బావకు రెండుసార్లు చెప్పాడు. ఈ పని అవుతున్నన్నాళ్లూ మా చెరకు వేరేవాళ్ల బండ్లు తోలాయి. ఒకరోజు బావ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "మనుసుల్ని ఇంక ఎక్కించుకోను" అన్నాడు. అంతే.

కొత్త కట్టలతో మొదటి లోడు అదే దారిన తోలాం. తొట్టి సమంగా నిలబడింది. తూముల దగ్గర చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం కూడా నన్ను భయపెట్టింది. రావలసింది రాలేదన్నట్టు ప్రతి తూము దగ్గరా చెవులు రిక్కించాను. దిగుడు మొదలయ్యే చోట బావ ట్రాక్టరు ఆపాడు. ఇంజను ఆపలేదు. నా వైపు తిరగకుండానే అన్నాడు:

"నువ్వు దిగి నడిసి రా."

"ఎందుకు? బానే ఉంది కదా?"

"బానే ఉంది. అయినా దిగు. నువ్వు పక్కనుంటే నా సేతులు ఒణుకుతున్నాయి."

దిగాను. ఆయన గేరు వేశాడు. తొట్టి నన్ను దాటి ముందుకు కదిలింది. నేను వెనక నిలబడి చూశాను. ట్రాక్టరు జాడలోనే తొట్టి జాడ. నాలుగు చక్రాలూ ఒకే వేగంతో, తిన్నగా దొర్లుతున్నాయి. కళ్లతో చూస్తున్నాను, అయినా నమ్మలేకపోతున్నాను. చెరకు గడల చివర్లు ఊగుతూ దిగుడు దిగిపోతున్నాయి. వంతెన దాకా ఊపిరి బిగపట్టి నడిచాను, తర్వాత నడక పరుగైంది, చెప్పులు చేతిలోకి తీసుకున్నాను.

వంతెన దాటాక ఎగువన ఆయన బండి ఆపి, దిగి, రోడ్డు మధ్యలో నిలబడి నా కోసం చూస్తున్నాడు. నేను వగరుస్తూ చేరేసరికి చేతిలో స్పానర్ ఉంది.

"నువ్వు రాళ్లు పెట్టు. నాను బోల్టులు సూస్తాను" అన్నాడు.

రాళ్లు వెతికి నాలుగు చక్రాలకూ ముందూ వెనకా పెట్టాను. ఆయన తొట్టి కిందికి పోకుండా, బయటే మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి మాత్రం లోపలికి చాచాడు.